ఎలీసమ్మ చేసిన నీళ్ళ పరీక్ష

గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఎలీసమ్మ పదిహేడేళ్ళుగా అటెండరు. గాజు సామాను కడగడం, ఆరబెట్టడం, పిల్లలు రాకముందే బల్లల మీద సర్దిపెట్టడం ఆమె పని. చదివింది ఏడో తరగతే అయినా ఏ సీసాలో ఏముందో చీటీ చూడకుండా చెప్పేది. పరీక్షల్లో ఏ పిల్లకైనా చెయ్యి వణికి బ్యూరెట్టులోది ధారగా వదిలేస్తుంటే, వెనకనుంచి "నిదానం అమ్మాయ్, చుక్కచుక్కగా" అనేది. అంతకు మించి ల్యాబులో ఆమె గొంతు వినబడేది కాదు.

ఆమె పుట్టింది కనిగిరికి అవతల సుద్దవాగుపాలెంలో. ఎనభై గడపలు, అందరూ కూలి చేసుకు బతికే క్రైస్తవులు. ఆమెకి ఎనిమిదో ఏడు నడుస్తుండగా మిషను టీచరమ్మ ఒకావిడ వచ్చి, ఇంటికొక పిల్లని గుంటూరు హాస్టలుకి పంపమని అడిగింది. అన్న ఏసోబు అప్పటికే ఒక రైతు దగ్గర జీతానికి కుదిరి గొడ్లు కాస్తున్నాడు. వాడికి జీతంగా వచ్చే గింజలు వదులుకోలేక తండ్రి ఆడపిల్లని పంపాడు. అలా చెల్లెలు గుంటూరులో కాలవ నీళ్ళు తాగి పెరిగింది. అన్న పాలెం బావి నీళ్ళు తాగి పెరిగాడు.

నలభై దాటేసరికి ఏసోబు నడుము కొడవలిలా వంగిపోయింది. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాలి. నిలబడితే చూపు నేల మీదే. పాలెంలో ముప్పై దాటినవాళ్ళలో సగానికి సగం అలాగే ఉండేవాళ్ళు. పిల్లల పళ్ళు గారపట్టి గోధుమరంగులోకి తిరిగేవి. ఎలీసమ్మ పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా ఆడవాళ్ళు ఆమె నోటికేసి చూసేవాళ్ళు. అందుకని అక్కడున్నన్నాళ్ళూ ఆమె పెదాలు మూసుకునే నవ్వేది.

పందొమ్మిది వందల ఎనభై రెండులో ఒకసారి ఊరినుంచి వస్తూ ఆ బావి నీళ్ళు ఒక సీసాలో తెచ్చి, కెమిస్ట్రీ లెక్చరర్ శ్యామలాంబగారి బల్ల మీద పెట్టింది. ఆవిడ పరీక్ష చేసి, ఫ్లోరైడు ఉండాల్సినదానికి రెండింతలు దాటిందని చెప్పింది.

"రుచికి ఏం తెలీదు ఎలీసమ్మా. కాచినా పోదు, వడకట్టినా పోదు. ఎముకల్లోకి వెళ్ళి కూర్చుంటుంది."

ఆ మాట పట్టుకుని ఎలీసమ్మ పాత గుంటూరులో తమ చర్చి స్త్రీల సమాజం ముందు నిలబడింది. ఆమె అంతమందిలో మాట్లాడటం అదే మొదలు. తన అన్న నడుము గురించి చెప్పింది. బావి మానేసి వేరే నీళ్ళు కావాలంది. సమాజం అధ్యక్షురాలు జయకుమారి ఒక స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ముక్కుసూటి మనిషి. "పాలెంలో బోరు వేయిద్దాం. ఎవరినో అడుక్కోవడం ముందు కాదు, మన చేతుల్తో మొదలుపెడదాం" అంది.

మొదలుపెట్టింది రెండేళ్ళు ఆపలేదు. మిరపకాయల కాలంలో శనివారం శనివారం ఒక గోడౌనులో కూర్చుని తొడిమలు తీసి ఆ కూలి బోరుకి ఇచ్చారు. టీచర్లు, నర్సులు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు అందరూ ఒకే రాశి చుట్టూ కూర్చునేవాళ్ళు. చేతులు మంటలెత్తితే మజ్జిగలో ముంచుకునేవాళ్ళు. ఆదివారం ఆరాధనలో ఒకరు తుమ్మితే వరసంతా తుమ్మేది. పూటకో పిడికెడు బియ్యం ఎత్తిపెట్టారు. కోతల పండుగనాడు ఒకే గుమ్మడికాయని కొన్నవాళ్ళు కొన్నట్టే తిరిగి ఇచ్చేస్తుంటే పదకొండుసార్లు వేలంపాట పాడారు. చీరాల, నరసరావుపేట చర్చిలవాళ్ళు కూడా చెయ్యి కలిపారు.

ఎనభై అయిదు జనవరిలో రిగ్గు లారీ పాలెంలోకి వచ్చింది. నూటతొంభై అడుగుల దగ్గర బండ కిందనుంచి నీళ్ళు తన్నుకొచ్చాయి. రాతిపొడితో తెల్లగా, తాటిచెట్టంత ఎత్తు లేచాయి. జనం అందులోనే తడిశారు. ఏసోబు తల ఎత్తలేడు కాబట్టి కాళ్ళ మధ్యనుంచి పారుతున్న నీళ్ళని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దిమ్మె కట్టి బోరింగు బిగించారు. గుంటూరు చర్చి పాస్టరు జయరావుగారు వచ్చి ప్రార్థన చేసేదాకా ఎవరూ కొట్టకూడదని చేతికర్రకి గొలుసు వేసి తాళం పెట్టారు. సంఘ పెద్ద కాబట్టి తాళంచెవి ఏసోబు మొలతాడుకి వచ్చింది. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం ప్రతిష్ఠ అనుకున్నారు.

ఆ ఆదివారానికి ముందు సోమవారంనాడు, బిగించినప్పుడు పట్టిన నీళ్ళు ఒక సీసాడు ఎలీసమ్మ ల్యాబుకి తెచ్చింది. అనుమానంతో తేలేదు. ముచ్చటపడి తెచ్చింది.

"మేడమ్, మా కొత్త నీళ్ళు. ఒకసారి చూసి మంచివని మీ నోటితో చెప్పండి. ఆదివారం మావాళ్ళకి చెప్పుకుంటాను."

శ్యామలాంబ నవ్వి, రెండు పొడుగాటి గాజు గొట్టాలు తీయించింది. ఒకదాంట్లో ఏమీ లేని స్వచ్ఛమైన ల్యాబు నీళ్ళు, ఇంకోదాంట్లో బోరు నీళ్ళు. రెండింట్లోనూ ఎర్ర మందు కొలిచి పోసింది. ఆ మందు సంగతి ఎలీసమ్మకి తెలిసిందే. ఫ్లోరైడు లేకపోతే ఎరుపు ఎరుపుగానే ఉంటుంది. ఉంటే విరిగి పసుపులోకి దిగుతుంది. గంట ఆగి చూడాలి.

గంట ఆగక్కర్లేకపోయింది. ఎలీసమ్మ గొట్టాలు కడుగుతూ పావుగంటకి తిరిగి చూస్తే బోరు గొట్టం నారింజరంగులో ఉంది. అరగంటకి పసుపు. పక్కన ల్యాబు నీళ్ళ గొట్టం దానిమ్మగింజలా అలాగే ఉంది. శ్యామలాంబ బోరు నీళ్ళని మూడింతలు పల్చన చేసి మళ్ళీ పోసింది. అదీ దిగింది. ఇంకోసారి పల్చన చేసి లెక్క కట్టి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏడు దాటింది, ఎలీసమ్మా."

"పాత బావివి?"

"మూడున్నర. కొన్నిచోట్ల లోతుకి వెళ్ళేకొద్దీ, ఆ బండలో నానిన నీళ్ళు ఇంకా చెడ్డవి. ముందే నన్ను అడిగి ఉండాల్సింది. నేనైనా చెప్పి ఉండాల్సింది."

ఎలీసమ్మకి చెవులు వేడెక్కాయి. స్టూలు మీద కూర్చుంది. బోరు కావాలని అడిగింది తను. అందర్నీ రెండేళ్ళు మిరపరాశి దగ్గర కూర్చోబెట్టింది తను. బావికంటే రెండింతలు చెడ్డ నీళ్ళు పైకి తీయించి, పుట్టింటి నడివీధిలో పెట్టించింది తను.

ఆ సాయంత్రమే జయకుమారి ఇంటికి వెళ్ళి చెప్పింది. జయకుమారి విన్నంతసేపూ కదల్లేదు. విన్నాక రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం పొలుసులు లేచి ఎర్రగా ఉంది.

"ఇది చూడు ఎలీసమ్మా. ఇంకా మానలేదు. ఇప్పుడు నువ్వొచ్చి ఇలా చెబితే నేనేం చెయ్యను? ఎవరితోనూ అనకు. అయ్యగారి దగ్గరకి వెళ్దాం."

మర్నాడు చర్చి పక్కగదిలో పాస్టరు జయరావుగారు కాగితాలు పక్కనపెట్టి విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పాతికేళ్ళ సేవలో సైకిలు మీద తిరగని పల్లె లేదు. కానీ ఆదివారానికి మూడు చర్చిల పెద్దలు వస్తున్నారు. ఇది బాగా జరిగితే ఇంకో రెండు పల్లెల్లో బోర్లు వేయిస్తామని వాళ్ళు మాట ఇచ్చి ఉన్నారు.

"ఈ సంగతి పొక్కితే ఇక మన మాట విని ఎవరూ రూపాయి తీయరమ్మా" అన్నారు ఆయన. "పాత బావి మాత్రం ఏం మంచిది? అది తాగే బతుకుతున్నారు. ముందు ప్రతిష్ఠ కానివ్వు. ఒక నెల పోయాక నేనే నెమ్మదిగా చెబుతాను."

"నెలరోజులు తాగనిస్తామా అయ్యగారూ?"

"ముప్పై ఏళ్ళు తాగినవాళ్ళని ఒక నెల ఏం చేస్తుంది?"

"మా అన్న కోడలికి ఆరో నెల. దాని కడుపులోది ఇంకా ఏమీ తాగలేదు కదండీ."

ఆయన పక్కనపెట్టిన కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కున్నారు. "ఆదివారం నీకు ఒంట్లో బాగాలేకపోతే రాకపోయినా ఫర్వాలేదు. నేను ఏమీ అనుకోను" అన్నారు. ఎలీసమ్మ జయకుమారికేసి చూసింది. జయకుమారి తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

బుధవారం ల్యాబులో పని అయ్యాక ఎలీసమ్మ శ్యామలాంబని ఒక కాగితం రాసి సంతకం పెట్టిమ్మని అడిగింది.

"కాలేజీ పేరుమీద ఇవ్వాలంటే ప్రిన్సిపాల్ ఒప్పుకోవాలి. ఆదివారం లోపల ఆవిడ ఒప్పుకోదు" అంది శ్యామలాంబ. "అయినా కాగితం ఇస్తే ఏంచేస్తావు? మీ పాలెంలో ఎంతమంది చదువుతారు? చదివినా, అందరూ మంచినీళ్ళంటుంటే నా సంతకాన్ని ఎవరు నమ్ముతారు?"

లేచి బీరువా తెరిచింది. గోధుమరంగు సీసా ఒకటి తీసింది.

"దీంట్లో అయిదు గొట్టాలకి సరిపడా మందుంది. పిల్లల పరీక్షలకి మిగిలినదంతా కావాలి, ఇంతకంటే ఇవ్వలేను. నువ్వే వెళ్ళి వాళ్ళ ముందు చెయ్యి."

"నేనా మేడమ్? గాజు సామాను కడిగేదాన్ని."

"ఎన్నేళ్ళుగా చూస్తున్నావు? పిల్లలకంటే నీ చెయ్యి నిలకడ. రేపు సాయంత్రం ఉండు, వట్టి నీళ్ళతో నేర్పిస్తాను. కొలత తప్పితే మాత్రం రంగు అబద్ధం చెబుతుంది. గుర్తుపెట్టుకో."

గురువారం ఎలీసమ్మ నలభైసార్లు కొలిచి ఉంటుంది. మొదట్లో గీత దాటించింది, తర్వాత గీతకి తక్కువ చేసింది. చీకటిపడే వేళకి చెయ్యి కుదిరింది.

శుక్రవారం సెలవు పెట్టి బస్సెక్కింది. గడ్డిలో పొదిగిన గొట్టాలూ, మైనంతో మూత బిగించిన మందు సీసా, ల్యాబు నీళ్ళూ, మిగిలిన బోరు నీళ్ళూ ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. కండక్టరు పెట్టెను టాపు మీద వెయ్యమన్నాడు. ఎలీసమ్మ వెయ్యనంది. అయితే మనుషులకి చోటు లేదన్నాడు. తన సీట్లో పెట్టెని కూర్చోబెట్టి, దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అద్దంకి మీదుగా పొదిలి దాకా నిలబడే వచ్చింది. గోతిలో బస్సు ఎగిరినప్పుడల్లా లోపల గాజు చప్పుడు వింటూ వచ్చింది.

పాలెంలో ఏసోబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోడలు దీనమ్మ కడుపు మోసుకుంటూ పాత బావినుంచి బిందె తెస్తోంది. బావి అడుగంటుతోంది. ఒక్కో బిందె నిండటానికి గంటకి పైనే పడుతోంది. ఎలీసమ్మ అన్న పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఏసోబు గొంతు పెద్దదైంది.

"నువ్వు తాగిన నీళ్ళు వేరు, ఎలీసా. బోరు తెస్తానన్నావు. నేనూ ఊరంతా చెప్పాను, మా చెల్లెలు తెస్తదని. తెచ్చావు. ఇప్పుడొచ్చి తాగొద్దంటావు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు? ఎత్తుకుందామంటే అదీ లేవదు."

"ఆదివారం దాకా తాళం తియ్యొద్దు అన్నా. అంతే అడుగుతున్నాను."

"పొద్దున్నుంచి కుర్రాళ్ళు తాళంచెవి కోసం నా ప్రాణం తీస్తున్నారు. దేవుడి పేరు చెప్పి ఆపుతున్నాను. రెండు రోజులు ఆపి నేనేం చెయ్యాలి? ఆదివారం మాత్రం ఏం తాగాలి మేము?"

వేరే నీళ్ళు వెతకాలని ఎలీసమ్మ ఆ రాత్రి మందు లెక్క వేసుకుంది. అయిదు గొట్టాలకి మందుంది. ఒకటి ల్యాబు నీళ్ళకి, ఒకటి బోరుకి, ఒకటి పాత బావికి. రెండు మిగులుతాయి. శనివారం తెల్లారగానే రెండు ఖాళీ సీసాలు తీసుకుని బయల్దేరింది.

మొదట పక్కనే రైతులుండే పెద్ద ఊరి మంచినీళ్ళ బావి దగ్గరకి వెళ్ళింది. అక్కడ వెంకటరావమ్మ అనే రైతుగారి భార్య నీళ్ళు తోడుతోంది. పాలెం మనిషి గట్టు ఎక్కకూడదు. ఎలీసమ్మ కిందనే నిలబడి సీసా ఎత్తి పట్టుకుంది. వెంకటరావమ్మ చేద వంచి పైనుంచి పోసింది. సగం చేతిమీద పడి చీర తడిసింది.

"నీళ్ళు పరీక్ష చేస్తారా? ఏం తేలిందో మాకూ చెప్పు" అంది వెంకటరావమ్మ. ఆవిడ పళ్ళు కూడా గారవే. ఇక్కడ ఆశ పెట్టుకోనక్కర్లేదని ఎలీసమ్మకి అప్పుడే తెలిసిపోయింది.

అక్కడినుంచి వాగు వెంట నడిచింది. ఎండాకాలం రాకముందే వాగు ఇసుకగా మారింది. మైలుంబావు దూరంలో లాల్ అహ్మద్ కూరగాయల తోట ఉంది. ఆయన్ని చిన్నప్పటినుంచీ కనిగిరి సంతలో చూసిందే. అరవై దాటినవాడు. వంకాయ మడి దగ్గర పార భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎలీసమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆయన నిటారుగా ఉన్నాడు. పార దించి, మెడ తిప్పి ఆమెకేసి చూశాడు. ఆ వయసులో మెడ తిప్పగలిగిన మనిషిని ఆ చుట్టుపక్కల ఆమె చూసి ఎన్నాళ్ళైందో.

"ఎవరు కావాలమ్మా?"

"సాయిబుగారూ, మీరు ఏ నీళ్ళు తాగుతారు?"

ఆయన వింతగా చూసి, వాగు ఒడ్డున చిన్న బావి చూపించాడు. పదిహేను అడుగులు కూడా లేదు. ఇసుకలోంచి ఊట. "మా తాత తవ్వింది. పుట్టినప్పటినుంచీ ఇవే." గుడిసెలోంచి ఆయన భార్య ఫాతిమా, ఇద్దరు మనవరాళ్ళూ బయటికొచ్చారు. పిల్లలు కొత్తమనిషిని చూసి నవ్వారు. పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఎలీసమ్మ సీసా ముంచి నింపుకుంది.

సంగతంతా విని లాల్ అహ్మద్ అన్నాడు, "ముందు పరీక్ష కానివ్వమ్మా. ఎనభై ఇళ్ళు ఈ బావిమీద పడితే నా మడి ఎండిపోతుంది. ఆ మాట ఇప్పుడే చెబుతున్నాను. ఏదైనా నీళ్ళు మంచివని తేలాకే మాట్లాడుకుందాం."

ఆదివారం పదిగంటలకి వ్యానులో గుంటూరు ఆడవాళ్ళు దిగారు. పందిరి వేశారు. బోరింగుకి బంతిపూల దండ చుట్టారు. చర్చి పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. పాలెం పాలెమంతా బిందెలు పట్టుకుని నేలమీద కూర్చుంది. దీనమ్మ బిందె అందరికంటే ముందుంది.

ఎలీసమ్మ దిమ్మె పక్కన ఒక పీట వేసి, దానిమీద అయిదు గొట్టాలూ నిలబెట్టి, ఏది ఏ నీళ్ళో కాగితం ముక్కలు అంటించి ఉంచింది. జయరావుగారు చూసి దగ్గరకొచ్చారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఏమిటమ్మా ఇది? వద్దని చెప్పానా లేదా?"

"రావద్దన్నారు అయ్యగారూ. ఇది నా పుట్టిల్లు."

"పెద్దల ముందు రభస చేస్తావా?"

"నేనేం మాట్లాడను. మందు పోస్తాను. అందరూ చూస్తారు. గంట పడుతుంది."

"గంటసేపు వీళ్ళందర్నీ ఎండలో కూర్చోబెట్టమంటావా? పక్కకి తియ్యి."

ఆయన పీటమీద చెయ్యి వేశారు. ఎలీసమ్మ రెండో పక్క పట్టుకుంది. గొట్టాలు కదిలాయి. అంతవరకూ కుర్చీలో కూర్చున్న జయకుమారి లేచి వచ్చి పీటకీ పాస్టరుగారికీ మధ్య నిలబడింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"రెండేళ్ళు ఆగాం అయ్యగారూ. ఇంకో గంట ఆగుదాం" అంది. "నాకూ చూడాలనుంది."

జయరావుగారు చెయ్యి తీసేశారు.

ఎలీసమ్మ మైనం విప్పింది. తాకితే చర్మం కాలే మందు అని పిల్లల్ని దూరం జరిపించింది. గీత దాకా, గీతకి సరిగ్గా, ఒక్కో గొట్టంలో పోసింది. అయిదూ ఒకేలా ఎర్రబడ్డాయి. తర్వాత ఏం జరుగుతుందో అందరికీ వినబడేలా చెప్పింది. ఎరుపు నిలిచినవి తాగే నీళ్ళు. పసుపు తిరిగినవి నడుము వంచే నీళ్ళు. ఏసోబు పాక్కుంటూ వచ్చి పీట ఎదురుగా చతికిలబడ్డాడు. పీట ఎత్తు అతని చూపుకి సరిపోయింది.

ఎవరో కీర్తన ఎత్తుకున్నారు గాని రెండో చరణానికి ఆగిపోయింది. ఎండ పందిరి అంచు దాటి లోపలికి వచ్చింది. పావుగంటకి ఒక ముసలమ్మ, "అదేంది, రెండోది మారతంది" అంది. అందరూ మోకాళ్ళ మీద లేచారు. రెండో గొట్టం బోరింగుది. నారింజ అయింది. పాత బావిదీ, పెద్ద ఊరి బావిదీ దాని వెనకే మెల్లగా దిగుతున్నాయి. వెనకనుంచి ఒక కుర్రాడు లేచి, మందులో ఏదో కలిపారనీ, పాలేనికి బోరు రావడం ఎవరికో ఇష్టంలేక ఈమెని పంపారనీ అన్నాడు. కొందరు అవునన్నారు. ఒకడు బండరాయి తెచ్చి తాళం పగలగొడతానని బోరింగు దగ్గరకి వచ్చాడు.

ఏసోబు పీట దగ్గరనుంచి కదలకుండానే అన్నాడు, "ఒరేయ్, రాయి కింద పెట్టు. గంట అన్నది కదా. గంట కానీ."

వాడు పెట్టలేదు. రాయి చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

ఎలీసమ్మ చూపు అయిదో గొట్టం మీదనుంచి తియ్యలేదు. అది లాల్ అహ్మద్ బావిది. అదికూడా దిగితే చెప్పడానికి తన దగ్గర ఇంకేమీ లేదు. కళ్ళు చెదిరి ఒకసారి అది మారినట్టే కనిపించింది. చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

గంట నిండింది. జయకుమారి వాచీ చూసి ఆ మాట పైకి అంది. బోరింగు గొట్టం పసుపునీళ్ళలా ఉంది. రెండు బావులవీ పండిన ఆకు రంగులో ఉన్నాయి. ల్యాబు నీళ్ళు ఎర్రగా నిలిచాయి. అయిదోది రవ్వంత తగ్గింది గాని ఎరుపే.

ఏసోబు మొలతాడునుంచి తాళంచెవి విప్పి పీటమీద పెట్టాడు. "దీన్ని నేను తియ్యను. తీసేవాళ్ళు తీసుకోండి" అన్నాడు. రాయి పట్టుకున్నవాడు తన తల్లికేసి చూశాడు. ఆమె కూడా ఏసోబులాగే వంగిన మనిషి. వాడు రాయి వదిలేసి పందిరి బయటికి వెళ్ళిపోయాడు. దీనమ్మ తన ఖాళీ బిందె చంకనెత్తుకుని ఏడుస్తూ ఇంటికి పోయింది. ఆమెకి ఏ రంగుతోనూ పనిలేదు, ఆ రోజుకి నీళ్ళు కావాలి. పాత బావికే వెళ్ళింది. ఎలీసమ్మ అది చూసింది.

చర్చి పెద్దల్లో ఒకాయన, ఇంత ఖర్చూ మన్నులో పోశారని గట్టిగానే అన్నాడు. వాళ్ళు భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయారు. జయరావుగారు దండ తీసి దిమ్మె మీద పెట్టి, రెండు మాటల్లో ప్రార్థన చేసి వ్యాను ఎక్కారు. ఎలీసమ్మని పలకరించలేదు.

ఆ తర్వాత ఏడాది ఆమెకి కష్టంగానే గడిచింది. సమాజంలో ముప్పై మందికి తొమ్మిదిమంది మిగిలారు. ఇంకో రెండు పల్లెల బోర్లు పాస్టరుగారు భయపడ్డట్టే ఆగిపోయాయి. ఆ పల్లెల ఆడవాళ్ళు తనని తిట్టుకుంటున్నారని విని ఎలీసమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. జయకుమారి మాత్రం శనివారం మానలేదు. ఇద్దరూ బ్రాడీపేటలో షాపు షాపుకీ చందాలకి తిరిగారు. పోయినసారి వేయించిన బోరు ఏమైందని అడిగితే దాచకుండా చెప్పారు. కొందరు పొమ్మన్నారు. కొందరు ఆ మాట విన్నాకే ఇచ్చారు.

లాల్ అహ్మద్ తన బావి ఇవ్వలేదు. నాలుగుసార్లు వెళ్తే, అయిదోసారి బావికి దిగువన తోట అంచులో రెండు సెంట్ల చోటు చూపించాడు. ఫాతిమా అప్పటికే పాలెం ఆడవాళ్ళని రోజుకి పది బిందెలు ముంచుకోనిస్తోందనీ, అది చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడనీ తర్వాత తెలిసింది. ఈసారి తవ్వకముందు మూడు చోట్ల గుంటలు తీసి, నీళ్ళు గుంటూరు తెచ్చి పరీక్ష చేయించాకే పలుగు వేశారు. సిమెంటు ఒరలు దించారు. ఎనభై ఆరు డిసెంబరుకి బావి పూర్తయింది. జయరావుగారు పిలవకుండానే వచ్చి గట్టుమీద నిలబడి ప్రార్థన చేశారు. ముగించాక ఎలీసమ్మ తెచ్చిన గ్లాసు అందుకుని తాగారు.

తాగకూడదన్న గుర్తుగా బోరింగు దిమ్మెకి ఎర్రరంగు పూసి, గొడ్లకీ బట్టలకీ వదిలారు. అయినా మైలుంబావు నడవలేనివాళ్ళు వాటినే తాగారు. ఎనభై ఏడు వేసవిలో వాగు బావి అడుగంటితే ఇంకా చాలామంది తాగారు. నెలకోసారి వచ్చినప్పుడు ఎలీసమ్మ ఇల్లిల్లూ తిరిగి కుండలు వాసన చూసినట్టు ఏ నీళ్ళు తాగుతున్నారని అడుగుతుందని ఆడవాళ్ళు విసుక్కునేవాళ్ళు. కొందరు అబద్ధం చెప్పేవాళ్ళు.

ఏసోబు ఎనభై ఎనిమిది రోహిణి కార్తె వేడిలో చనిపోయాడు. మూడేళ్ళు వాగు నీళ్ళు తాగాడు గాని వంగిన నడుము నిటారు కాలేదు. కాదని శ్యామలాంబ ముందే చెప్పింది. మామూలు పెట్టెలో శవం పట్టలేదు. వడ్రంగి రెండోసారి కొలిచి లోతుగా చేశాడు. దీనమ్మ కూతురు అప్పటికి మూడేళ్ళది, తాతని పక్కకి తిరిగి పడుకోమని చెబుతూ పెట్టె చుట్టూ తిరిగింది.

ఇల్లు కదలలేని ముసలివాళ్ళు పాలెంలో పంతొమ్మిదిమంది ఉన్నారని ఎలీసమ్మకి పేర్లతో సహా తెలుసు. వాగునుంచి వాళ్ళ గుమ్మాల దాకా రోజూ నీళ్ళు తోలడానికి ఒక ఎద్దుబండీ, పీపా కావాలి. ఆ ఏడు మిరపకాయల కాలం మొదలవగానే ఆమె, జయకుమారి, మళ్ళీ చేరినవాళ్ళతో కలిపి ఇంకో పన్నెండుమంది శనివారం గోడౌనుకి వెళ్ళి రాశి చుట్టూ కూర్చున్నారు.